ముద్రించిన మూర్తికి అభిషేకం తగునా?

ఇటీవల ఒక ఉదయం అర్చన ముగించి గర్భాలయం నుండి వెలుపలికి వస్తుండగా, ఒక యువకుడు పట్టుగుడ్డలో చుట్టి తెచ్చిన లక్ష్మీనృసింహ మూర్తిని నా చేతికి అందించాడు. జానెడు ఎత్తున్న విగ్రహం. జూలులోని వెంట్రుకలు, చక్రపు అంచున జ్వాలలు, అమ్మవారి ముక్కెర సైతం స్పష్టంగా కనబడుతున్నాయి. "ఇంట్లో నేనే ముద్రించాను స్వామీ, ప్రాణప్రతిష్ఠ చేయాలి" అన్నాడు. మూర్తిలో రాతి బరువు లేదు, లోహపు చల్లదనం లేదు. పీఠం అడుగున వేలికి జిగురు తగిలింది. ఘాటైన వాసన కూడా వచ్చింది. పూజ మొదలుపెట్టారా అని అడిగాను. "అమ్మ నాలుగు రోజులుగా పాలతో అభిషేకం చేసి, ఆ తీర్థమే పిల్లలతో సహా అందరికీ ఇస్తోంది" అన్నాడు. నా గుండె ఝల్లుమన్నది.

ఆ కుటుంబపు భక్తిలో లోపం లేదు, కుమారుని నైపుణ్యంలోనూ లోపం లేదు. కానీ ఇటువంటి యంత్రాలు ఇళ్లలోకి వస్తున్న ఈ రోజులలో, ఈ ప్రశ్న మీ ఇంటి గుమ్మం కూడా తొక్కవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

యంత్రం పనిచేసే తీరును ఆ యువకుడే నాకు వివరించాడు. శిల్పి మూర్తిని శిలపై కాక కంప్యూటరు తెరపై మలుస్తాడు. ఆ రూపాన్ని సన్నని పొరలుగా విభజించి యంత్రానికి అందిస్తారు. తొట్టిలో రెసిన్ ద్రవం ఉంటుంది. అడుగు నుండి అతినీలలోహిత కాంతి ప్రసరించిన మేరకే అది గట్టిపడుతుంది. పై పళ్లెం రవ్వంత లేస్తుంది, మరొక పొర ఏర్పడుతుంది. ఒక్కొక్క పొర మందం సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు. అంటే 15 సెంటీమీటర్ల మూర్తికి 3,000 పొరలు. విగ్రహం తలక్రిందులుగా వేలాడుతూ గంటల తరబడి రూపుదిద్దుకుంటుంది. పిమ్మట దానిని ఆల్కహాలుతో కడిగి, ఆధారంగా నిలిపిన పుల్లలను త్రుంచి, మరల కాంతిలో ఉంచి పూర్తిగా గట్టిపరచాలి. అమెరికాకు చెందిన చార్లెస్ హల్ 1984లో పేటెంటుకై దరఖాస్తు చేసిన విధానమే దీనికి మూలం. నాడు పరిశ్రమలకే పరిమితమైనది, నేడు బల్లపై ఇమిడిపోతున్నది.

"యంత్రం చేసినది కనుక పూజకు పనికిరాదు" అనేవారు కొందరున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించినప్పుడు, అక్కడి నుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు దేశమంతటా పూజామందిరాలు చేరాయి. ఆ పటాలకు మన పెద్దలు గంధం పెట్టారు, కుంకుమ అద్దారు, పూలమాల వేశారు. ముద్రణ అయినందున దైవత్వానికి లోటు వచ్చిందని ఎవరూ అనుకోలేదు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ పటాలపై ఎవరూ పాలు పోయలేదు!

విషయమంతా ఇక్కడే ఉన్నది. భాగవతం ఏకాదశ స్కంధం ప్రతిమలను ఎనిమిది విధాలుగా చెప్పింది. రాయి, కొయ్య, లోహం, పూతతో చేసినవి, చిత్రించినవి, ఇసుకతో చేసినవి, రత్నాలతో చేసినవి, చివరకు కేవలం మనస్సులో నిలుపుకొన్నవి. అన్నీ పూజ్యములే. కానీ అన్నిటికీ ఉపచారం ఒకటే కాదు. ద్రవ్యాన్ని బట్టి ఉపచారం. శ్రీరంగంలో శయనించిన మూలమూర్తి సుధామయం. అందువల్ల ఆ స్వామికి జలాభిషేకం లేదు, తైలపు పూత మాత్రమే. స్నపనం ఉత్సవమూర్తికి జరుగుతుంది. పూరీలో జగన్నాథుడు దారుమూర్తి. అక్కడ నిత్యస్నానం అద్దంలోని ప్రతిబింబానికి చేస్తారు. సాక్షాత్తు జగన్నాథునికే ద్రవ్యధర్మాన్ని పాటించిన సంప్రదాయం మనది. మన ఇంటి మూర్తికి పాటించడంలో నామోషీ ఏమున్నది?

ఇక రెసిన్ ద్రవ్యధర్మం ఏమిటి? గట్టిపడని రెసిన్ చర్మానికి తగిలితే దద్దురు, అలర్జీ కలిగించవచ్చు. అందుకే చేతి తొడుగులు లేనిదే తాకరాదంటారు. సాధారణ రెసిన్లు ఆహారం తాకే వస్తువులకై తయారైనవి కావు. కడగడంలో, కాంతి చూపడంలో ఏ మాత్రం లోపమున్నా లోపలి మూలలలో జిగురు మిగిలిపోతుంది. బోలుగా ముద్రించిన మూర్తి లోపల అది నిలిచిపోయే ప్రమాదం మరింత ఎక్కువ. అటువంటి మూర్తిపై పోసిన పాలు తీర్థం ఎలా అవుతాయి? తీర్థం పసిబిడ్డ నాలుకపై వేసేది, రోగి గొంతులో పోసేది. అందుకే నేను ఖండితంగా చెబుతున్నాను. రెసిన్ మూర్తికి అభిషేకం చేయకండి. చేసి ఉంటే, ఆ పాలు, ఆ పెరుగు ఎవరికీ ఇవ్వకండి.

మరి ఆ మూర్తిని ఏం చేయాలి? పటాన్ని పూజించినట్లే పూజించండి. పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం సమర్పించండి. దీపాన్ని కొంచెం ఎడంగా ఉంచండి, అది మంటకు ఓర్చే ద్రవ్యం కాదు. అభిషేకానికి సాలగ్రామమో, చిన్న వెండి మూర్తియో చాలు. అదీ లేకుంటే పళ్లెంలో అద్దం నిలిపి, అందులో కనిపించే స్వామికి స్నానం చేయించండి.

మరొక మంచి మార్గమూ ఉన్నది. స్వామిమలై స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి మూర్తిని చేసి, దానిపై మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట పంచలోహం పోస్తారు. పన్నెండవ శతాబ్దంలో చాళుక్యరాజు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ఈ విధానం వివరంగా ఉన్నది. నేడు నగలు చేసేవారు మైనానికి బదులు, బూడిద మిగలకుండా కాలిపోయే ప్రత్యేక రెసిన్‌తో అచ్చు ముద్రించి, అదే రీతిలో బంగారం పోస్తున్నారు. మీ మూర్తినీ అలా లోహంలోకి మార్పించుకోవచ్చు. అప్పుడు రెసిన్ తన పని ముగించి తొలగిపోతుంది, స్వామి నిలుస్తాడు. ఆ మూర్తికి నిరభ్యంతరంగా అభిషేకం చేయండి.

ముద్రించేవారికి మరి రెండు మాటలు. యంత్రం గుణాన్ని ఎంత నమ్మకంగా ముద్రిస్తుందో, దోషాన్నీ అంతే నమ్మకంగా ముద్రిస్తుంది. శిల్పశాస్త్రం ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళమని 124 అంగుళాల ప్రమాణం నిర్ణయించింది. ధ్యానశ్లోకం ఆయుధాలను, ముద్రలను, ముఖప్రసన్నతను చెప్పింది. వీటిని పట్టించుకోక, కండలు తిరిగిన మల్లయోధుని దేహానికి కిరీటం పెట్టి దేవుడంటే చెల్లదు. రెండవది, ప్రతిష్ఠాకాలంలో మూర్తికి కళ్లు తెరిచే స్థపతిని వస్త్రదక్షిణలతో సత్కరించడం మన ఆచారం. తెరపై మలిచినవాడూ శిల్పియే. అతని శ్రమఫలాన్ని అనుమతి లేకుండా కాజేసి ముద్రించిన మూర్తికి ఎన్ని మంత్రాలు చదివినా, మొదటి దోషం మనదే.

వ్రేలో, ఆయుధమో విరిగితే ఉద్వాసన చెప్పండి. నదిలో మాత్రం వేయకండి. అది మట్టి కాదు, కరగదు. మిగిలిన ద్రవాన్ని, కడిగిన ఆల్కహాలును కాలువలో పారబోయకండి. జలాన్ని దేవతగా కొలిచే మనం ఆ పని చేయరాదు.

ఆ యువకునికి నేను ప్రాణప్రతిష్ఠ చేయలేదు. మూర్తిని మళ్లీ శుభ్రంగా కడిగి, కాంతిలో ఉంచి తీసుకురమ్మన్నాను. తెచ్చాడు. సంప్రోక్షణ చేసి, పూలు సమర్పించి, ఒక చిన్న సాలగ్రామంతో పాటు ఇచ్చి పంపాను. ఇప్పుడు ఆ తల్లి సాలగ్రామానికి పాలు పోసి, నృసింహునికి తులసిమాల వేస్తున్నది. పిల్లలకు ఇచ్చే తీర్థం నిజంగా తీర్థమే.