మసీదుకు కాగితం అడిగే కాలం

శ్రీకాకుళం జామియా మసీదును 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించారు. కుతుబ్‌షాహీలు, నిజాములు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు వచ్చి వెళ్లారు, అజాన్ నిలిచింది.

2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వినియోగం ద్వారా వక్ఫ్’ అనే నిర్వచనాన్నే తొలగించింది. లోగడ నమోదైనవాటికి రక్షణ ఉందంటూనే, వివాదంలో ఉన్నవాటికీ ప్రభుత్వ ఆస్తి అయినవాటికీ అది వర్తించదంటుంది. తరతరాల నమాజు సాక్ష్యం కాదా? ఆనాటి దస్తావేజు లేని ఖబరస్తాన్ ఎవరికి మొర పెట్టుకోవాలి?

చట్టంపై పోరాడాలి. అంతమాత్రాన ఊరుకోరాదు. అడంగల్, సర్వే పటం, వక్ఫ్ గెజిట్ నకళ్లు ప్రతి జమాత్ వద్దా ఉండాలి. ముతవల్లీలు జమాఖర్చులు జుమా నాడు బహిరంగంగా చదివి వినిపించాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వక్ఫ్ ఆస్తుల జాబితాను బోర్డు తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. ఇది వేడుకోలు కాదు, హక్కు.