టిక్కెట్ల తగువులో మరచిన గీత

2021 మార్చిలో విజయవాడ నగరపాలక ఎన్నికల వేళ తెలుగుదేశం నగర నాయకులు తమ ఎంపీ కేశినేని నానిపైనే బాహాటంగా తిరగబడ్డారు. అధిష్ఠానం నెగ్గినా, అసమ్మతి నెగ్గినా నియోజకవర్గాల గీత మారదు. ఆ గీత 2008లోనే పడింది. మా గరికపాడుకు పొరుగునున్న నందిగామ ఎస్సీ స్థానమైంది. దళిత సోదరుల హక్కుతో మనకు పేచీ లేదు. నాడు ముసాయిదాపై మనలో ఎందరు అభ్యంతరం రాశారన్నదే నా ప్రశ్న.

2026 తర్వాతి తొలి జనగణన లెక్కలతో మళ్లీ పునర్విభజన జరగాలన్నది రాజ్యాంగ నిబంధన. ముసాయిదాపై అభ్యంతరాలు విని, బహిరంగ విచారణ జరపడం కమిషన్ విధి. తుది ఉత్తర్వు వెలువడ్డాక కోర్టు తలుపు దాదాపు మూసుకుపోతుంది. కనుక జెండాలు తర్వాత మోద్దాం. జనగణనలో మన ఇల్లు ఒక్కటీ తప్పిపోకుండా ప్రతి మసీదు కమిటీ ముందుగా పూనుకోవాలి.