కార్బైడు రంగు, మన అప్రైజళ్ళు

మాది బనగానపల్లె అని చెప్పగానే ఆఫీసులో ఎవరైనా అడిగేది ఒక్కటే, "మామిడిపండ్లు తెచ్చావా?" అని. తెస్తాను గానీ, రంగు చూసి మోసపోకండి అని కూడా చెప్తాను. జనం పసుపు రంగు చూసి కొంటారని తెలిశాక, పచ్చికాయల మధ్య కార్బైడు పొట్లం పెట్టడం ఎంతసేపు? 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు వద్దన్నా పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు. రంగొస్తుంది, తీపి రాదు.

మన అప్రైజళ్ళలో జరిగేదీ అచ్చం ఇదే.

మా కంపెనీలో (పేరెందుకు లెండి) ఈసారి ఎవరెన్ని టికెట్లు మూశారో లెక్కగట్టారు. ఒక్క పనిని పది ముక్కలు చేసి, పది టికెట్లు తానే తెరిచి తానే మూసుకున్నాయనకి టాప్ రేటింగు. మూడు రాత్రులు కూర్చుని డేటాబేసు ఎందుకు మొరాయిస్తోందో కనిపెట్టినమ్మాయికి అడుగు రేటింగు. ఎందుకంటే అది ఒక్క టికెట్టే! పైగా ఆమె బాగు చేశాక, ఆ తలనొప్పి వల్ల వారం వారం వచ్చే టికెట్లు కూడా ఆగిపోయాయి. అంటే తన స్కోరు తానే తగ్గించుకుందన్నమాట.

అడిగితే మా మేనేజరు "ఇది బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు" అన్నాడు. అయ్యా, 1992లో కాప్లాన్, నార్టన్ చెప్పింది ఇది కాదు. డబ్బు లెక్కొక్కటే చాలదు, కస్టమరునీ, లోపలి పనితీరునీ, నేర్చుకోవడాన్నీ కూడా చూడండి అన్నారు. అందులోనూ లొసుగులున్నాయనుకోండి. ఈ కొలత పెరిగితే ఆ లాభం పెరుగుతుందని రుజువేదీ అని హన్నె నోరెక్లిట్ 2000లోనే నిలదీశారు. 2003లో ఇట్నర్, లార్కర్ 157 కంపెనీల్ని చూస్తే, ఆ లంకె నిజమో కాదో గట్టిగా పరీక్షించుకున్నవి పావు వంతు కూడా లేవు. ఈమధ్య పరిశోధకులు ఎక్కువగా పట్టుకున్నది ఇంకో జబ్బుని. కొలతనే లక్ష్యం అనుకోవడం. దానికి 'సరొగేషన్' అని పేరు పెట్టారు. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమరుకి ఎన్ని ఖాతాలు అంటగట్టారో కొలిచారు, 2016లో లక్షల కొద్దీ దొంగ ఖాతాలు బయటపడ్డాయి.

ఇక బెల్ కర్వ్. ఓబోయల్, అగినిస్ 2012లో ఆరు లక్షల మందికి పైగా జనం పనితీరు లెక్కలు చూసి, అది గంట ఆకారంలో ఉండదని తేల్చారు. మైక్రోసాఫ్టు 2013లోనే ఆ ర్యాంకుల గొడవ వదిలించుకుంది. మా ఎనిమిది మంది టీములో మాత్రం ఏటా ఒకరు బలి కావాల్సిందే. మా యాగంటి బసవన్న ఏ కేపీఐ లేకుండానే పెరుగుతున్నాడంటారు మావాళ్ళు :)

"మరి కొలవకపోతే ఎలా?" అంటారు. కొలవద్దని ఎవరన్నారు? పండు తెలిసినవాడు ఒకటి కోసి చూస్తాడు. మీరూ ఒక గంట కూర్చుని ఆమె ఏం బాగు చేసిందో చదవండి, ఆ మూడు రాత్రులూ పక్కనున్నవాళ్ళని అడగండి.

ఇదే మా మేనేజరుకి మెయిల్లో రాశాను. "నెక్స్ట్ సైకిల్లో చూద్దాం" అని జవాబొచ్చింది. ఆమె నోటీసు పీరియడ్ ఇంకో ఇరవై రోజుల్లో అయిపోతుంది.