టర్బో మార్చే ముందు ఒక అట్టముక్క పరచండి

తడ పక్కన శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016 నుంచి కొత్త టర్బో డీజిల్ బండ్లు తయారుచేస్తోంది. ఆ చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టులు చేసే మన వయసు వాళ్లకి అందుబాటులో ఉండేవి మాత్రం పాత టర్బో డీజిల్‌లే. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, పుంటో... పేర్లు వేరైనా వీటి డీజిల్ మోడళ్లలో ఎక్కువగా కనిపించేది ఫియట్ డిజైన్ చేసిన 1,248 సీసీ ఇంజినే. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. కాబట్టి ఇప్పుడు దొరికే డీజిల్ స్విఫ్ట్ అంటే సెకండ్‌హ్యాండే.

మైలేజీ బాగుంటుంది, పికప్ బాగుంటుంది. ఒకరోజు పొద్దున చూస్తే బండి కింద నల్లటి మరక. ఇంకోరోజు వెనకాల నీలం పొగ. మెకానిక్ బోనెట్ ఎత్తి, ఒక గాలి పైపు పీకి, వేలికి అంటిన ఆయిల్ చూపించి "టర్బో పోయింది సార్, మార్చాల" అంటాడు. నెల జీతం ఎగిరిపోయే బిల్లు.

నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగిస్తే, అది కూడా అదే దారిన పోతుంది. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ చూస్తాం. కొత్త సర్వర్‌కి ఆర్డర్ పెట్టం. బండికి కూడా లాగ్స్ ఉంటాయి, చదవడం తెలియాలి అంతే.

టర్బోకి ఆయిలే ప్రాణం

ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. మన పాత కార్ల టర్బోల్లో అది మామూలుగా ఆయిల్ పొర మీదే తేలుతూ ఉంటుంది. ఆయిల్ సన్నటి పైపులోంచి ప్రెషర్‌తో వస్తుంది. పని అయ్యాక ఇంకో లావు పైపులోంచి తనంతట తనే కింద చాంబర్‌లోకి జారిపోవాలి.

చిక్కంతా ఇక్కడే. ఆ కింది పైపు మడ్డితో పూడినా, ఇంజిన్ లోపల గాలి ప్రెషర్ పెరిగినా ఆయిల్ కిందికి దిగదు. సీళ్లు దాటుకుని గాలి పైపుల్లోకి పోతుంది. చూసేవాళ్లకి టర్బో కారుతున్నట్టే ఉంటుంది. తప్పు మాత్రం బ్రీదర్ పైపుదో, అరిగిన పిస్టన్ రింగులదో కావచ్చు.

ఇంకో సంగతి. బ్రీదర్‌లోంచి వచ్చే ఆవిరితో కొంచెం ఆయిల్ ఎప్పుడూ గాలి పైపుల్లోకి చేరుతూనే ఉంటుంది. ఇంటర్‌కూలర్ పైపులో వేలికి తడి అంటినంత మాత్రాన టర్బో పోయినట్టు కాదు. పైపు వంచితే ధారగా కారితే అప్పుడు ఆలోచించాలి.

అట్టముక్క, టాల్కం పౌడర్

రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున రంగు చూడండి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఉట్టి నీళ్లైతే ఏసీవి, వదిలేయండి.

మరక పడిన చోటుకి సరిగ్గా పైనే లీకు ఉందనుకోవద్దు. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర మొదలైన ఆయిల్ ఇంజిన్ మీదుగా పాకి, హైవే గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చాంబర్ కింద బొట్టుగా రాలుతుంది. అందుకే ముందు ఇంజిన్ శుభ్రంగా తుడిపించండి. చల్లారాక అనుమానం ఉన్నచోట టాల్కం పౌడర్ చల్లి, పదిహేను నిమిషాలు నడిపి చూడండి. ఎక్కడ గీత మొదలైందో పౌడర్ చూపిస్తుంది. వెతకడం పైనుంచి కిందికి: ట్యాపెట్ కవర్, టర్బో ఆయిల్ పైపుల జాయింట్లు, ఆయిల్ ఫిల్టర్, చివరగా చాంబర్, డ్రెయిన్ బోల్టు వాషర్. పులికాట్ వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకి ఇనప చాంబర్ తుప్పు పట్టిందేమో కూడా చూడాలి.

పొగ రంగు చెప్పే మాట

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, టర్బో గాలి పైపు పగిలో క్లిప్పు వదులయ్యో ఉండొచ్చు. ఆగకుండా తెల్ల పొగ వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం.

వారానికోసారి ఆయిల్ గేజ్ తీసి చూడండి. మట్టం తగ్గడమే కాదు, పెరిగినా ప్రమాదమే. డీజిల్ వచ్చి ఆయిల్‌లో కలుస్తోందేమో చూడాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పడుతుంటే లోపల ప్రెషర్ ఎక్కువైంది. ముందు బ్రీదర్, తర్వాత కంప్రెషన్ చెక్ చేయించాలి.

పికప్ తగ్గి చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేయించండి. పీ0299 అని వస్తే టర్బో ప్రెషర్ తక్కువగా ఉందని అర్థం. టర్బో మార్చమని కాదు. ఒక చిన్న వాక్యూమ్ పైపు చిట్లినా కొన్ని బండ్లలో అదే కోడ్ వస్తుంది.

చివరి పరీక్ష మెకానిక్ చేత చేయించండి. ఇంజిన్ ఆపి, బాగా చల్లారాక గాలి పైపు విప్పి షాఫ్ట్‌ని కదపమనండి. పక్కలకి కొంచెం కదలడం మామూలే, అది ఆయిల్ పొరకి వదిలిన సందు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్నా టర్బో నిజంగానే పోయింది. అప్పుడు కూడా ఒక్క మాట అడగండి: "అన్నా, ఆయిల్ వచ్చే పైపు, పొయ్యే పైపు, బ్రీదర్ చూసినావా?" ఆ మూడూ చూడకుండా టర్బో బిగించనివ్వద్దు.

డబ్బుతో పోనిది

ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే "తడ దాకా లాగేద్దాం" అనుకోవద్దు. పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ప్రెషర్ లేకుండా నడిస్తే టర్బోతో పాటు ఇంజిన్ కూడా పోతుంది.

అంతకన్నా భయంకరమైనది ఇంకోటుంది. టర్బో సీలు పూర్తిగా తెగితే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి తనంతట తనే రేస్ అవుతుంది. తాళం తిప్పినా ఆగదు. వెనకాల దట్టమైన పొగ. బండి కదలకుండా ఉంటే, గేర్‌ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ లాగి, టాప్ గేర్ వేసి క్లచ్ వదిలేయండి. ఇంజిన్ మొరాయించి ఆగిపోవాలి. వీలు కాకపోతే అందరూ దిగి దూరంగా వెళ్లండి. బోనెట్ ఎత్తి తొంగిచూడద్దు. నీలం పొగని "తర్వాత చూద్దాంలే" అనకూడదనేది ఇందుకే.

చెన్నై హైవే మీద స్పీడుగా వచ్చి టీ కొట్టు దగ్గర ఆపినా, తిరుమల రెండో ఘాట్ ఎక్కి పార్కింగ్‌లో పెట్టినా, తాళం తీసే ముందు ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచండి. మరిగే టర్బోలో ఆయిల్ నిలిచిపోతే మాడి మసిగా గట్టిపడుతుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే, చెప్పిన గడువులోనే మార్చండి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే పాత సర్వీస్ బిల్లులు అడగండి. ఓనర్ దగ్గర బిల్లులు లేకపోతే పాలిష్ ఎంత మెరిసినా బేరం ఆపి, అట్టముక్కతో మొదలుపెట్టండి.