వైన్ పులిస్తే క్రిస్ప్, కల్లు పులిస్తే కంపు

సోవిన్యోన్ బ్లాంక్ మీద తెలుగులో రాసే ప్రతివాళ్లూ 'క్రిస్ప్' దగ్గర ఆగిపోతారు. అప్పడమా అది? పులుపు, అంతే. దాన్ని పులుపు అనడానికి మనకి నామోషీ. ఫ్రాన్స్ వాళ్లకి లేదు. వాళ్ల దక్షిణ తీరంలో పిక్‌పూల్ అనే తెల్ల ద్రాక్ష ఉంది. ఆ పేరుకి 'పెదవిని కుట్టేది' అని అర్థం చెప్పుకుని మరీ, ఆల్చిప్పలతో కలిపి తాగుతారు.

మా మామిడికుదురు వైపు పులుపుకి మాటలు వెతుక్కోనక్కర్లేదు. పచ్చిమామిడి వేసిన చేపల పులుసు తిన్న నాలుకలివి. పొద్దున్నే దించిన కొబ్బరికల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపెక్కుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. ఈ గంటల లెక్క గీత కార్మికుడికి తెలుసు. మన రివ్యూలకే తెలీదు. నాసిక్ షెనిన్ బ్లాంక్‌కి టేస్టింగ్ నోట్స్, శెట్టిబలిజ గీసిన కల్లుకి తాగుబోతు జోకులు. ఇది రుచి తేడా కాదండీ, కులం తేడా.

కల్తీ సంగతేంటంటారా? నిజమే, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకి మనుషులు చచ్చిపోయారు. 1985లో ఆస్ట్రియా వైన్లలోనూ డైఇథిలీన్ గ్లైకాల్ దొరికింది, తీపి చిక్కదనం కోసం కలిపారు. కలిపినవాళ్లని జైల్లో పెట్టి చట్టం బిగించారు. గ్రూనర్ వెల్ట్‌లీనర్‌ని మాత్రం ఎవరూ శాశ్వతంగా వెలివెయ్యలేదు, మీరూ వెయ్యలేదు.

ఈసారి అల్బరీన్యోకి 'పచ్చిమామిడి పులుపు, చివర్న కాస్త ఉప్పన' అని రాయండి. కల్లుకీ రాయండి, ఏ పూట దించిందో, ఎవరు గీసిందో కూడా.