స్టెంటు వేశారు సరే, బిల్లు చూశారా?



స్టెంటు అనగానే మన ధూల్‌పేట్‌లో ఇల్లు అమ్ముకోవాలేమోనని హడలిపోతారు. అది మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరచి ఉంచే సన్నని లోహపు జాలీ. 1990లలో అబ్దుల్ కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు చవక స్టెంటు తయారు చేసింది మన హైదరాబాదులోనే. అయినా ధరలకు కళ్లెం పడింది 2017 ఫిబ్రవరిలో. మందు పూసినదానికి 29,600 రూపాయలు, మామూలుదానికి 7,260 మించరాదని కేంద్రం ఆజ్ఞాపించింది, పన్ను వేరు. స్టెంటు ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నెంబరు బిల్లులో విడిగా రాయాలంది.

గుండెనొప్పి వచ్చిన గడియలో బేరాలు వద్దు, ముందు ప్రాణం. తరువాత మాత్రం ఆ కాగితం అడగండి. అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారో అన్న మొహమాటం మనకు మరీ ఎక్కువ!

స్టెంటు పడిందిగా అని మాత్రలు మీ అంతట మీరే మానకండి. ఆ జాలీలోనే రక్తం గడ్డకట్టవచ్చు.