ఆ ల్యాప్‌టాప్‌కు కాలం చెల్లలేదు

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. అప్పటి నుంచి ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదు, అది ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోండి.’ రిపేరు షాపులో అదే సలహా, బీటెక్ చదివే మేనల్లుడిదీ అదే సలహా. ఇది తప్పుడు సలహా. పిల్లల ఫీజుల కోసం చిట్టీలు కట్టుకునే ఇళ్లకు ఖరీదైన తప్పు కూడా.

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఒకటీ అరా మినహా, ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయివుండాలి. ఆ తరం 2017లో వచ్చింది. అంటే ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, చెక్కుచెదరని స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్ కూడా అనర్హమే. దానిలో ఏ భాగమూ పాడవలేదు. ఒక కంపెనీ గీసిన గీతకు ఇవతల ఉండిపోయింది, అంతే. ఆ గీతే యంత్రం ఆయుష్షని మనమెందుకు ఒప్పుకోవాలి?

విండోస్‌కు బదులు వేసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ షరతు లేదు. దానిలో ఒక రకం, 2024 జులైలో వచ్చిన లినక్స్ మింట్ 22కు కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. భద్రతా అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. పైసా కట్టనక్కర్లేదు.

‘అది నల్ల తెర మీద కమాండ్లు కొట్టే ఇంజినీర్లకే’ అనేవాళ్లు ఈమధ్య దాన్ని ఇన్‌స్టాల్ చేసి చూసినవాళ్లు కారు. మింట్ ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులో అప్పటికే ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోవాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే బూట్ మెనూ కోసం డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. కాసేపటికి డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. హార్డ్‌డిస్కులో ఇంకా ఏమీ మారలేదు, అంతా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది. వైఫై అందుతోందా, పాట వినిపిస్తోందా, కెమెరాలో మన ముఖం కనిపిస్తోందా అని తీరిగ్గా చూసుకోవచ్చు. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై కార్డులకు డ్రైవర్ విడిగా వేయాలి. అప్పటిదాకా ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇస్తే సరిపోతుంది. అన్నీ కుదిరాకే ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. భాష, కీబోర్డు, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఊపిరి బిగబట్టి చదవాల్సింది ఒక్క పేజీయే: విండోస్‌ను పక్కన ఉంచాలా, డిస్కు మొత్తం తుడిచేయాలా? తుడిచేస్తే ఫొటోలు తిరిగి రావు. కాబట్టి ముందే బయటి డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోవాలి.

కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. బడిపిల్లలకు చేతనైనది మన ఇంట్లో అమ్మానాన్నలకు చేతకాదనడం వాళ్లను చిన్నచూపు చూడటమే. తెలుగు గురించీ బెంగ వద్దు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంది, పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా వేసుకోవచ్చు.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు కట్టే డీటీపీవాళ్లకు, ట్యాలీలో లెక్కలు రాసే అకౌంటెంట్లకు విండోస్ కావాల్సిందే. వాళ్లకు లినక్స్ అంటగట్టడం అన్యాయం. కానీ మన ఇళ్లలో ల్యాప్‌టాప్ ఎక్కువగా దేనికి తెరుస్తాం? కరెంటు బిల్లుకు, ఆన్‌లైన్ క్లాసుకు, ఉద్యోగ దరఖాస్తుకు, సినిమాకు. వీటికి బ్రౌజరూ లిబ్రె ఆఫీసూ చాలు.

లినక్స్ అభిమానులూ ఒక తప్పుడు సలహా ఇస్తుంటారు: ఏది సరికొత్తదైతే అదే వేయమని. లినక్స్‌లో మరో రకమైన ఉబుంటులో మధ్యంతర వెర్షన్లకు మద్దతు తొమ్మిది నెలలే, ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాల మద్దతు వెర్షన్లకు అయిదేళ్లు. ఇంట్లో వాడే యంత్రానికి ఎల్‌టీఎస్సే వేయాలి, లేదా దాని మీద కట్టిన మింట్ వేయాలి.

కొత్త ల్యాప్‌టాప్‌కు ఈఎంఐ మొదలుపెట్టే ముందు ఒక పెన్‌డ్రైవ్‌తో ఈ పరీక్ష చేయండి. కుదరకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత మీరే తేల్చుకోండి.